శుక్రవారం మరిగే బండి

సుగుణ అంజన్‌ను మొదటిసారి చూసిన రోజే చెంప మీద కొట్టింది. తప్పెవరిదని అడిగితే ఇద్దరిదీ కాదు, రేడియేటర్‌ది.

ఎండాకాలంలో ఒక పొద్దున మీరాలం మండి దగ్గర సుగుణ వాళ్ల పాత అంబాసిడర్ కారు పొగలు కక్కుతూ ఆగిపోయింది. తండ్రి నీళ్ల కోసం వెళ్లాడు. సుగుణ ఆగగలిగితే కదా! బానెట్ ఎత్తి, చీర చెంగు చేతికి చుట్టుకుని, రేడియేటర్ మూత తిప్పబోయింది. రోడ్డవతల బండ్లు బాగుచేసే తన షెడ్డులో నుంచి అంజన్ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. ముక్కూ మొహం తెలియనివాడు నడిబజార్లో చెయ్యి పట్టుకుంటే ఏ పిల్ల ఊరుకుంటుంది? ఫట్‌మని ఒకటిచ్చింది.

"మూత తీస్తే మరిగిన నీళ్లు మొకం మీద కొడ్తయ్!" అన్నాడు అంజన్ చెంప తడుముకుంటూ.

"గా ముచ్చట నోటితో చెప్పరాదా?"

"నోటితో చెప్పేలోపల నువ్వు తిప్పుతుంటివి."

మాటకు మాట అనలేకపోవడం సుగుణకు అలవాటు లేదు. అందుకే ఆ రోజంతా అతన్ని తలుచుకుని తిట్టుకుంది.

సుగుణ తండ్రి బీరయ్యకు సైదాబాద్‌లో బర్రెల కొట్టం ఉంది. హోటళ్లకు పాలు వేయడానికని ఆ కారును సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అంజన్ తల్లి చంద్రమ్మ మండిలో పెరుగు అమ్ముతుంది. పాలు కొనేది బీరయ్య దగ్గరే, కులం కూడా ఒకటే. అందుకని చెంపదెబ్బ సంగతి అక్కడితో సద్దుమణిగింది. సద్దుమణగనిది బండి ఒక్కటే.

అంజన్ ఫ్యాన్ బెల్టు మార్చాడు. వారం తిరగకుండా మళ్లీ మరిగింది. పైపులు మార్చాడు. వాటర్ పంపు కొత్తది వేశాడు. అయినా మరిగింది, అదీ ఎక్కువగా శుక్రవారం. బండి వచ్చిన ప్రతిసారీ ముందు సీట్లో సుగుణ ఉండేది. అతను పానాతో బోల్టులు విప్పుతుంటే ఈమె పక్కన నిలబడి వంకలు పెట్టేది. బండికి అంజన్ మీద మనసైందని మండిలో అందరూ నవ్వుకున్నారు. ఇటువంటి విషయాలు ఊరందరికీ తెలిశాకే ఆ ఇద్దరికీ తెలుస్తాయి.

శ్రావణ శుక్రవారం పొద్దున వాన దంచికొడుతుంటే అంబాసిడర్ మళ్లీ ఆవిరి చిమ్ముతూ షెడ్డులోకి వచ్చింది. బీరయ్య ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. వెనక సీట్లో అతని తల్లి సత్తెమ్మ, ఆమె పక్కన సుగుణ. పట్టుచీర, తలనిండా మల్లెలు.

అంజన్ చూపు ఆ మల్లెల దగ్గరే ఆగిపోయింది.

"అంజన్, హుస్సేనీ ఆలంల మా చెల్లె ఇంటికి పోతున్నం," అన్నాడు బీరయ్య. "సుగుణను చూస్తందుకు పిల్లగానోళ్లు వచ్చి కూసున్నరు. సర్కారు నౌకరి. పదిన్నరకు రాహుకాలం, గంతలోపల పోవాలె."

షెడ్డు రేకుల మీద వాన మోత. అంజన్ బానెట్ ఎత్తుతూ బీరయ్యను అడిగాడు.

"వానల రిక్షా మాట్లాడాల్నా బాపూ?"

"సొంత కారుల వస్తమని చెప్పిన. రిక్షాల దిగితే ఇజ్జత్ ఉంటదా? ఇగో, ఎన్నిసార్లు తెచ్చిన నీ కాడికి? ఇయ్యాల గిట్ల నడుమల ఆగిందనుకో, మళ్ల నీ షెడ్డు మొకం చూడ."

అంజన్‌కు లెక్క అర్థమైంది. బండి నడిస్తే సుగుణ పెళ్లిచూపులకు పోతుంది. నడవకపోతే ఇక ఎప్పటికీ ఇటు రాదు. ఎటు చూసినా పోయేది తన ప్రాణమే.

సుగుణ వంక చూశాడు. ఆమె వాన వైపు చూస్తోంది. ఇష్టపడే పోతోంది కాబోలు అనుకున్నాడు. చేతులకు ఎక్కడ లేని వేగం వచ్చింది.

ఉక్కపోస్తోందన్న వంకతో సుగుణ దిగి వచ్చింది.

"ఏంది మిస్త్రీ, ఇయ్యాల మస్తు జల్దీ చేస్తున్నవ్? ఎప్పుడు చూసినా పొద్దుమూకేదాక చేసేటోనివి."

"నీ కోసం ఎదురుచూసేటోళ్లున్నరు గదా."

"వాళ్ల మీద నీకు గంత ఫికరా?"

"బండి బాగుచేసుడు నా పని. అది యాడికి పోవాల్నో చెప్పుడు నా పని కాదు."

"అవ్, నీ పని కాదు," అంది సుగుణ. గొంతు వణికింది. అంజన్ అది కోపం అనుకున్నాడు. మగపిల్లలకు ఇంజన్ చప్పుడు తెలిసినంతగా ఆడపిల్ల గొంతు తెలియదు.

ఇంజన్ కాస్త చల్లబడ్డాక అంజన్ అరచెయ్యి తిప్పి, వేళ్ల వెనకవైపుతో రేడియేటర్‌ను పైనుంచి కిందికి తడిమాడు. పైభాగం కాలుతోంది. కిందిభాగం చల్లగా ఉంది. అంటే పైనున్న వేడినీళ్లు కిందికి దిగడం లేదు. లోపల సన్నని గొట్టాలను ఏదో మూసేసింది.

కింది కుళాయి విప్పితే ధార రాలేదు, చుక్కలు పడ్డాయి. తీగతో పొడిచాడు. తెల్లటి నీళ్లు, వాటితోపాటు మెత్తటి ముద్దలు జారాయి. ఇదివరకు కూడా నీళ్లు తెల్లగా ఉండేవి. బావినీళ్లలోని సున్నం అనుకుని వదిలేశాడు. ఈసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పెరుగమ్మే ఇంట్లో పుట్టినవాడికి ఆ పులుపు వాసన వేరే చెప్పాలా?

"బాపూ, ఈ బండిల పాలు ఎవరు పోస్తున్నరు?"

"పాలేంది? పరాచికాలా?" అని బీరయ్య గుడ్లురిమాడు.

వెనక సీటు కిటికీలోంచి సత్తెమ్మ తల బయటికి వచ్చింది.

"నేనే పోస్తున్న. ఏమైంది?"

"అవ్వా!" అని తల్లి మీద అరిచాడు బీరయ్య.

"అవ్వ ఏంది? దినాం మన పాలు మోసే బండి. దాని నోట్లె ఒక చెంబెడు పొయ్యకుంటే పాపం కాదారా? ప్రతి శుక్రారం దీపం పెట్టినంక పోస్తున్న. పాలు సలువ జేస్తయి. మరిగిన వారమైతే ఇంకో చెంబు ఎక్కువనే పోసిన."

బీరయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఇన్ని దినాల సంది ఇంట్ల ఒక్కలన్న చూడలేదా?"

"నేను చూసిన," అంది సుగుణ.

"చూసి చెప్పలేదా?"

"చెప్పలే."

"ఎందుకు?"

సుగుణ తల ఎత్తింది. కళ్ల నిండా నీళ్లున్నాయి కానీ మాట తడబడలేదు.

"చెప్తే బండి బాగైతుండె నాయినా. బాగైతే మళ్ల ఈడికెందుకు వస్తది?"

అంజన్ చేతిలోంచి పానా జారి కింద పడింది. బీరయ్య కూతుర్ని చూశాడు, అంజన్‌ను చూశాడు. మొహం కందగడ్డయింది.

"నీకెరుకనా ఇది?"

"ఎరుక లేదు బాపూ."

"ముందు బండి చెయ్."

అంజన్ పైపులు ఊడదీశాడు. మున్సిపాలిటీ నల్లాకు రబ్బరు గొట్టం తగిలించి, రేడియేటర్ కింది నోట్లోంచి పైకి నీళ్లు వదిలాడు. విరిగిన పాలు ముద్దలు ముద్దలుగా పైకి తన్నుకొచ్చాయి. చాకలి సోడా కలిపి మళ్లీ కడిగాడు.

కడుగుతున్నంత సేపూ మనసు ఒకటే పోరు పెట్టింది. రేడియేటర్ పోయింది, ఇవాళ కాదు అంటే చాలు. పట్టుకునేవాడెవడూ లేడు. కానీ అబద్ధం చెప్పి సుగుణను ఆపుకుంటే ఆ అబద్ధంతోనే ఆమెతో కాపురం చేయాలి. అది తనవల్ల కాదు.

మంచినీళ్లు నింపి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. వేడి చూపే ముల్లు మెల్లగా పైకి లేచింది. అందరి కళ్లూ దాని మీదే. సగం దాకా వచ్చి ఆగింది. ఎంతసేపు ఉంచినా అక్కడే ఉంది.

"పోతదా?" అడిగాడు బీరయ్య.

"పోతది బాపూ. బీదరు దాకా పోయినా మరగది." అంజన్ చేతులు తుడుచుకున్నాడు. "కాని పోవద్దని అడుగుతున్న. సుగుణ అంటే నాకు పానం. నాకియ్యి. బండిని ఆపి అడుగుతలేను, బాగుచేసే అడుగుతున్న."

బీరయ్య వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. సుగుణ మొహం పాలిపోయింది. వెనక డోరు తీసి ఎక్కబోయింది.

"నువ్వెక్కకు," అన్నాడు బీరయ్య. "అవ్వా, నువ్వు గూడ దిగు."

"నేనెందుకురా?"

"మాటిచ్చింది నేను. తప్పేది నేను. మొకం చూపించాల్సింది గూడ నేనొక్కణ్ణే. రాహుకాలం రాకముందే పోయి, ఈ సంబంధం వద్దని చేతులు జోడించి వస్త."

"నేనూ వస్త బాపూ," అన్నాడు అంజన్ ముందుకు వస్తూ.

"వద్దు. మా చెల్లెకు కోపమొస్తే అందినోన్ని అందినట్టు కొడ్తది. ఇయ్యాలటికి నేనొక్కణ్ణి చాలు."

అంబాసిడర్ వానలోకి వెళ్లిపోయింది. దాని వెనక ఆవిరి లేదు.

సత్తెమ్మ ఒక పాత టైరు మీద సర్దుకు కూర్చుంది. సుగుణ, అంజన్ చెరో గుంజ దగ్గర నిలబడ్డారు.

"బండికి ఏం తక్కువ చేస్తున్ననని నిద్ర లేకుంట పరేషాన్ అయిన," అన్నాడు అంజన్.

"బండి ఎందుకొస్తున్నదనే ఆలోచించినవ్. నేనెందుకొస్తున్ననని ఒక్కపారన్న ఆలోచించినవా?"

అంజన్‌కు నవ్వు వచ్చింది. సుగుణకూ వచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

"మీ ముచ్చట్లకు జన్మంతా ఉన్నది గాని," అని సత్తెమ్మ కసిరింది, "ఓ పిల్లగా, జల్దీ పోయి మీ అవ్వ చంద్రమ్మను తోలుకరా. పిల్లనియ్యాల్నంటే మేం ఎవరితోని మాట్లాడాలె? ఈ టైర్లతోనా?"

అంజన్ గొడుగు కూడా తీసుకోకుండా మండి వైపు పరుగెత్తాడు.