మూడో డోసు దాకా బతికినవాళ్ళు

"విషం అందింది!"

చెవిలో ఆ మాట పడగానే ఏజెంట్ మేనమామ పెదవుల దాకా వచ్చిన కాఫీ కప్పును గోడకేసి కొట్టాడు. ఎదురుగా కళ్ళ పరీక్షకు కూర్చున్న కస్టమరు చేతిలోని కప్పును కూడా లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. పాపం, ఆ కస్టమరు చొక్కా మీద సగం కాఫీ, మొహం మీద నిండా ప్రశ్న.

"ఎవరు తాగారు? ఎంత తాగారు?" మేనమామ కాలరు మైకులో గుసగుసలాడాడు.

"తాగడమేమిటి నీ మొహం! విషయం అందిందన్నాను, విషయం! లైను మధ్యలో 'య' మింగేసినట్టుంది. పైకి రా."

కస్టమరు తేరుకున్నాడు. "ఏమండీ, నా కాఫీలో ఏముంది?"

"ఈగ."

"గోడకేసి కొట్టేంత ఈగా?"

"బాగా తిన్న ఈగ" అని మేనమామ మెట్లెక్కాడు.

కింద కళ్ళజోళ్ళ షాపు, పైన గూఢచారి విభాగం. కిందివాళ్ళు చూపు సరిచేస్తే పైవాళ్ళు చూపు తప్పించి తిరుగుతారు. విభాగంలో అందరికీ వరసల పేర్లే: చీఫ్ పేరు పెద్దమ్మ, ఏజెంట్లు మేనమామ, వదిన, తోడల్లుడు. శత్రువులు ఎవరైనా దొంగచాటుగా ఫోను విన్నా, ఇదేదో ఉమ్మడి కుటుంబంలో గొడవనుకుని రెండో నిమిషంలో పెట్టేస్తారు. వాళ్ళ ఇళ్ళలో గొడవలు వాళ్ళకు చాలవూ!

పెద్దమ్మ బల్లమీద మూడు కట్టలు పెట్టింది. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది.

"ఎస్-సెవెన్. ఉబ్బసానికి కొత్త ఇంజెక్షన్. పదకొండింటికి డ్రగ్ కమిటీ కూర్చుంటుంది. ఓటు పూర్తయితే పన్నెండింటికి ఇరవై రెండు ఆసుపత్రుల్లో ఒకేసారి సూదులు లేస్తాయి. వెనకున్నది విదేశీ ముఠా. మన భాషలో పెళ్ళివారు. వాళ్ళ నాయకుడు పెళ్ళికొడుకు, రోజుకో కొత్త సూటు. ఇప్పుడీ కట్టలు చూడు."

మొదటి కట్ట ట్రయల్స్. చీటీలు వేసి సగంమందికి మందు, సగంమందికి ఉత్త నీళ్ళ సూది ఇచ్చారు. మొత్తం ఆరువందలమంది. మందు పడ్డవాళ్ళకు ఊపిరి హాయిగా ఆడింది, ఎవరూ పోలేదు.

రెండోది ఆసుపత్రి రిజిస్టర్లు. తాత్కాలిక అనుమతి మీద మందు వాడి చూసిన మామూలు వార్డుల్లోని తొమ్మిదివేలమంది రోగులు. మందు తీసుకున్నవాళ్ళలో వెయ్యికి ఐదుగురు పోయారు, తీసుకోనివాళ్ళలో వెయ్యికి పన్నెండుమంది.

మూడోది ఉత్తరాలు. నర్సులూ డాక్టర్లూ విడివిడిగా రాసినవి, నలభై ఒకటి, ఒక్కోదానిలో ఒక్కో రోగి. అన్నింటిదీ ఒకే మాట: మొదటి సూది పడిన కొన్ని గంటల్లో గుండె ఆగింది.

"మూడూ కలిపి కమిటీకి రిపోర్టు వెళ్ళింది" అంది పెద్దమ్మ. "'రెండు పెద్ద కట్టలు మందు మంచిదంటున్నాయి, నాలుగు ఉత్తరాలదేముంది' అని తేల్చేశారు. అంకెలన్నీ మనవాళ్ళు చూశారు, ఒక్కటీ దిద్దలేదు. దేనికది నిజమే, కలిపినచోటే ఎక్కడో అబద్ధం దూరింది. ఆ చోటు కనిపెట్టు. అసలు కాగితాలన్నీ కమిటీ హాలు కింద రికార్డు రూములో ఉన్నాయి."

"కలిపిందెవరు?"

"వదిన."

వదిన లెక్కల్లో దిట్ట, అందంలో లెక్కకందదు. మూడేళ్ళ కిందట తామే పెళ్ళివారి శిబిరంలోకి పంపారు. నాలుగు నెలలుగా ఆమెనుంచి కబురు లేదు.

"అటువైపు తిరిగిపోయిందంటారా?"

"అది కూడా కనిపెట్టు. ఇంకో సంగతి. ఊరవతల ఆసుపత్రిలో ఆరో వార్డు, ఇవాళ్టి సూదుల లిస్టులో మొదటి పేరు మీ అక్కది. తెలుసా?"

తెలియదు. ఇది విభాగంలో అక్క కాదు, తోడబుట్టిన అక్క. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన అక్క. మేనమామ మెట్లమీదే ఫోను చేశాడు.

"అక్కా, ఇవాళ ఇంజెక్షన్ వద్దు."

"ఎందుకట?" మాటకీ మాటకీ మధ్య అక్క ఊపిరి పిల్లనగ్రోవిలా కూసింది. "ఎనిమిది నెలలు... కూర్చునే నిద్రపోయాను. ఇవాళ పడుకుంటాను."

"మంచిది కాదంటున్నారు."

"ఎవరంటున్నారు? ఆధారం ఏమిటి?"

మేనమామ దగ్గర లేనిది అదొక్కటే.

"డాక్టరు మాట వినాలా, కళ్ళజోళ్ళు అమ్ముకునే నీ మాట వినాలా? పో, పని చూసుకో."

పని చూసుకోవడానికే వెళ్ళాడు.

*

పదిన్నరకు కమిటీ హాల్లోకి మైకుల మెకానిక్కు ఒకడు వచ్చాడు. గుబురు మీసం, భుజాన వైర్ల చుట్ట, ముక్కుమీద విభాగంవారి కళ్ళజోడు. కుడి చెవి వెనక నొక్కితే ఫొటో, ఎడమ చెవి వెనక నొక్కితే పొగ.

ముందు వరసలో నల్ల సూటులో పెళ్ళికొడుకు. పక్కన ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలతో వదిన. మేనమామ ఆమె ముందు మైకు సర్దుతూ సంకేతవాక్యం పలికాడు: "మైకు పనిచేస్తోందా అమ్మా?"

రావలసిన జవాబు: వినేవాళ్ళుంటే చేస్తుంది.

"నన్నడుగుతావేం? అది చూడ్డానికే కదా నీకు జీతం" అంది వదిన. తల కూడా ఎత్తలేదు.

పెళ్ళికొడుకు నవ్వాడు. మేనమామ నవ్వలేదు. వదిన తిరిగిపోయిందన్నమాట! పదకొండు కొట్టగానే అతను మెట్లు దిగాడు.

రికార్డు రూములో దుమ్ము, ఇనప బీరువాలు, ఒకే ఒక్క బల్బు. ఉత్తరాల అసలు ప్రతులు 'పనికిరానివి' అని రాసిన అట్టపెట్టెలో దొరికాయి. పక్కనే రిజిస్టరు ప్రింటు, రెండు లావు సంపుటాలు: ఒకటి 'మందు తీసుకున్నవారు', రెండోది 'తీసుకోనివారు'.

ఎక్కడ మొదలుపెట్టాలి? మేనమామకు లెక్కలు రావు. మనుషులను వెతకడం వచ్చు. అదే చేశాడు. ఒక ఉత్తరం తీశాడు. నాలుగో వార్డు, తొమ్మిదో మంచం, బస్సు కండక్టరు, వయసు యాభై ఎనిమిది. మొదటి సూది తరవాత మూడు గంటలకు పోయాడు. సరే, 'తీసుకున్నవారు' సంపుటంలో నాలుగో వార్డు తిప్పాడు. ఎనిమిదో మంచం ఉంది, పదో మంచం ఉంది. కండక్టరు లేడు.

రెండో సంపుటం తిప్పాడు.

కండక్టరు అక్కడున్నాడు. సూది పొడిచాక చచ్చినవాడు సూది తీసుకోనివాళ్ళలో పడుకుని ఉన్నాడు!

రెండో ఉత్తరం, దర్జీ పని చేసే ఆమె. అటువైపే. మూడోది, స్కూలు ప్యూను. అటువైపే. పదీ, ఇరవై, ముప్ఫై. నలభై ఒక్కమందీ అటువైపే! దిద్దుబాటు లేదు, చెరిపివేత లేదు. మరెలా దాటారు?

సంపుటం చిట్టచివరి పేజీలో, అడుగున, చీమకాళ్ళంత అక్షరాలు. కళ్ళజోడు దించి, ఎత్తి, ఊపిరి బిగబట్టి చదివాడు.

*తీసుకున్నవారు అనగా మూడు డోసులూ పూర్తిచేసినవారు. తక్కినవారందరూ తీసుకోనివారే.*

"ఓరి మీ దుంపతెగ" అన్నాడు మేనమామ, దాదాపు మెచ్చుకోలుగా. మూడో డోసు దాకా బతికితేనే మందు తీసుకున్నట్టు. ముందే పోతే తీసుకోనట్టు. మందు చంపిన శవాలను మందు లేనివాళ్ళ ఖాతాలో పడేసి, చూశారా, మందు లేకపోతే ఎలా చస్తున్నారో అని చూపించారు.

ఫొటో తీయడానికి చెవి వెనక నొక్కాడు. కంగారులో కుడి ఎడమైంది. బుస్సుమని పొగ! గది నిండి, తలుపు సందులోంచి మెట్లమీదికి పాకింది.

దగ్గుతూ తలుపు తెరిచేసరికి ఎదురుగా పిస్తోలు. పిస్తోలు వెనక వదిన. వదిన వెనక పెళ్ళికొడుకు.

"మెకానిక్కూ, చదువు కూడా వచ్చా నీకు?" అన్నాడు పెళ్ళికొడుకు. "పదకొండూ ముప్ఫై నాలుగు. ఇంకో పది నిమిషాల్లో ఓటుకు చేతులెత్తుతారు. ఇక నువ్వు కాల్చు."

వదిన కదల్లేదు. "ఎక్కడ దొరికింది?" అని మేనమామను అడిగింది.

"చివరి పేజీ. ఫుట్‌నోట్."

"నిర్వచనం రాయకపోతే చట్టం ఒప్పుకోదన్నాను, వీళ్ళు సరేనన్నారు. ఫుట్‌నోట్ ఎవడు చదువుతాడులే అన్నారు." ఆమె పిస్తోలు దించలేదు. "నా ఫోను వాళ్ళ చేతిలో ఉంది. నా గదిలో వాళ్ళ మనిషి ఉంది. నా చేతిలో మిగిలింది ఆ ఒక్క వాక్యం. నాలుగు నెలలుగా చూస్తున్నాను నాయనా, ఒక్కడైనా చదవకపోతాడా అని!"

పిస్తోలు గిర్రున తిరిగింది. పెళ్ళికొడుకు ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. తూటా బల్బును పేల్చింది. చీకట్లో మేనమామ చేతికి దొరికిన రెండో సంపుటాన్ని ఎత్తి, సూటు ఉన్నదనుకున్న దిక్కున బలంగా దించాడు. ఆరువేల నాలుగువందలమంది భారం ఒక్కసారిగా పడేసరికి పెళ్ళికొడుకు పీటలమీద కూలబడ్డట్టు కూలబడ్డాడు. ఫైళ్ళు కట్టే నాడాలతో వదిన అతని చేతులకు ముళ్ళు వేసింది. మూడు ముళ్ళూ వేసి, నాలుగోది అనుమానానికి వేసింది.

"సంకేతం ఎందుకు చెప్పలేదు?" పరుగెడుతూ అడిగాడు మేనమామ.

"వాడికి మన సంకేతం తెలిసిపోయింది. నీ ప్రశ్న ఏ మెకానిక్కైనా అడిగేదే. నేను ఆ జవాబు చెప్పుంటే అక్కడే చచ్చేవాడివి."

*

హాల్లో ఏడుగురు సభ్యులు. నాలుగు చేతులు లేస్తే మందు పాసైనట్టే. మూడు లేచాయి. నాలుగోది బల్లమీంచి కదిలింది.

"ఆగండి!"

మైకులు బిగించింది తనే కాబట్టి మేనమామ అరుపుకు గోడలు అదిరిపోయాయి. నాలుగో చెయ్యి చటుక్కున చెవి మూసుకుంది.

ముసలి డాక్టరు చైర్మన్ అద్దాల మీంచి చూశాడు. "నువ్వు మైకువాడివి కదయ్యా?"

"అవునండీ. వినిపించడమే నా పని. ఒక్క ప్రశ్నండీ. విందుకొచ్చి మొదటి ముద్దకే పడిపోయినవాణ్ణి ఏ లెక్కలో రాస్తారు? భోంచేసినవాళ్ళలోనా, చెయ్యనివాళ్ళలోనా?"

"భోంచేసినవాళ్ళలోనే. ముద్దే కదా చంపింది?"

"వీళ్ళు మాత్రం మూడు వడ్డనలూ తింటేనే భోంచేసినట్టు అన్నారండీ. పడిపోయినవాణ్ణి పస్తున్నవాళ్ళ పక్కన పడుకోబెట్టారు. వంటవాడికేమో మంచి పేరు, పస్తుకేమో చావు పేరు!"

మేనమామ చాపిన రెండో సంపుటం చివరి పేజీని చైర్మన్ తన వైపు తిప్పుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగాడు:

"మొదటి సూదినుంచే లెక్కపెడితే?"

వదిన దుమ్ముకొట్టుకున్న చేతులతో మైకు అందుకుంది. "సూది పడినవాళ్ళు రెండువేల ఆరువందలు కాదు, మూడువేలు. పోయినవాళ్ళు పదముగ్గురు కాదు, ఆ నలభై ఒక్కమందీ కలిసి యాభై నలుగురు. వెయ్యికి పద్దెనిమిది. సూది పడనివాళ్ళు ఆరువేలు, పోయింది ముప్ఫై ఆరుగురు. వెయ్యికి ఆరు."

"మూడు రెట్లు!" ఎవరో నిట్టూర్చారు.

"మరి ట్రయల్స్‌లో ఎవరూ పోలేదుగా?" అంది చేయి ఎత్తిన డాక్టరమ్మ ఒకావిడ.

"ఆ ఆరువందలమందికీ ముందే గుండె పరీక్ష చేశారమ్మా" అంది వదిన. "గుండె బలహీనంగా ఉన్నవాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేశారు. మందు పనిచేస్తుందని ట్రయల్స్ చెప్పింది నిజం. మొదటి సూదికే కొందరి గుండె ఆగుతుందని ఉత్తరాలు చెప్పిందీ నిజం. అలాంటివాళ్ళు ఎంతమందో రిజిస్టరు చెబుతుంది, సరిగ్గా అడిగితే. ఈ మూడు కట్టలూ ముగ్గురు సాక్షులండీ. ఒకడి నోరు మూసి ఇంకొకడి చేత చెప్పిస్తే సాక్ష్యం ఎలా అవుతుంది?"

చేతులు ఒక్కొక్కటే దిగాయి. "ఆపండి" అన్నాడు చైర్మన్. "గుండె పరీక్ష లేకుండా ఒక్క సూదీ లేవకూడదు. ఫోన్లు చెయ్యండి!"

పదకొండూ యాభై ఒకటి. ఇరవై ఒక్క ఆసుపత్రులు పలికాయి. ఇరవై రెండోది, అక్క ఉన్న ఆరో వార్డు, మేనమామ తన ఫోనునుంచే తిప్పాడు. ఎంగేజ్. యాభై ఐదు. ఎంగేజ్. యాభై ఎనిమిది. ఎంగేజ్! అక్కడికి కారులో నలభై నిమిషాలు.

అతని చేతిలో ఫోను మోగింది.

"తమ్ముడూ... నీ ఫోను కోసం పది నిమిషాలుగా... ఈ వార్డు ఫోను పట్టుకుని తిప్పుతున్నాను. ఇప్పటికి కలిసింది. పొద్దున విసుక్కున్నాను, మనసాగలేదు. నర్సమ్మ సూది పట్టుకుని నిలబడింది. ఉంటాను మరి."

"అక్కా! ఫోను నర్సమ్మకివ్వు!"

"ఆవిడ చేతులు ఖాళీ లేవురా. ఇదిగో, దూది కూడా రాసేసింది."

చైర్మన్ ఫోను లాక్కున్నాడు. "అమ్మా, నేను కమిటీ చైర్మన్ని. చెయ్యి వెనక్కి తీసుకోండి."

"మీరెవరైతే నాకేం? ఆధారం ఏమిటి?"

"నలభై ఒక్కమందమ్మా, మొదటి సూదికే."

అవతల పిల్లనగ్రోవి ఆగిపోయింది. తరవాత స్టీలు ట్రేలో సూది పడిన చప్పుడు. గోడమీద గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

*

సాయంత్రం చైర్మన్ స్వయంగా ఆరో వార్డుకు వచ్చాడు. ఎనిమిది మంచాల మధ్య నిలబడి, ఎవరిని ఎవరిలో కలిపారో, ఎలా కలిపారో మొదటినుంచి చెప్పాడు. విందు కథ దగ్గర రెండో మంచం ముసలాయన నవ్వబోయి, పస్తున్నవాళ్ళ పక్కన పడుకోబెట్టడం దగ్గర ఆగిపోయాడు.

నర్సమ్మ ముందుకొచ్చింది. "మూడు నెలల కిందట నేనూ ఒక ఉత్తరం రాశానండీ. జవాబు రాలేదు. ఇవాళ సూది పొడవమన్నారు, పట్టుకున్నాను."

"ఇదే జవాబమ్మా" అన్నాడు చైర్మన్. "ఆలస్యమైంది. క్షమించు."

గుండె పరీక్ష కాగితం వచ్చింది. డ్యూటీ డాక్టరు చూసి, అక్కకు పాత పీల్చే మందే రాశాడు. ఈ గుండెతో ఆ సూది మొదటి గంట కూడా దాటేది కాదన్నాడు.

మేనమామ ఆమె వీపు వెనక దిండ్లు సర్దాడు. ఇవాళ కూడా కూర్చునే పడుకోవాలి. అక్క కాగితం వంక, తమ్ముడి వంక, ట్రేలోని సూది వంక చూసింది. మందు ఒక పీల్పు పీల్చి, కూత కాస్త తగ్గాక అంది:

"పోనీలేరా. ఊపిరాడి చచ్చేకన్నా ఊపిరాడక బతకడమే నయం."