రాహేలు చెప్పిన సాక్ష్యం

పొద్దున్నే కృప జామకాయ కొరకబోయింది. కాయ మీద కింది పళ్ళ గాటు పడింది కానీ పై పళ్ళు అందలేదు. గడప దగ్గర బియ్యం ఏరుతున్న తల్లి రాహేలు అది చూసి చేట పక్కన పెట్టింది.

"కోసుకు తినవే. కొరికితే మూతి ఎట్టా పోతందో అద్దంలో చూసుకో. అచ్చం మీ నాయనమ్మే."

నాయనమ్మ జ్ఞానమ్మ అక్కడే చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమె కింది దవడ పుట్టుకతోనే ముందుకు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ రాహేలుకు ఆ దవడంటే ఏవగింపు. అత్త పక్కన నిలబడి ఒక్క ఫోటో దిగి ఎరగదు. ఇంతాచేసి తనదేమన్నా రంభ ముఖమా అంటే అదీ కాదు.

నాగార్జున సాగర్‌కు పునాదిరాయి వేసిన ఏడాది కృపకు ఎనిమిదేళ్లు. పై పళ్ళు కింది పళ్ళ వెనక్కి పడుతుంటే గుంటూరు పళ్ళ డాక్టరు ఒక కట్టు ఇచ్చాడు. గడ్డానికి తోలు గిన్నె, తల చుట్టూ బిగించే పట్టీలు. పిల్ల ఏడుస్తూనే రాత్రిళ్లు పెట్టుకుంది. కొన్నాళ్లకు పళ్ళు సర్దుకున్నాయి. ఇక రాహేలు ఆగుతుందా? కోతపండుగ నాడు చర్చిలో సంఘం ముందు నిలబడి, దేవుడు తన బిడ్డ దవడ ముట్టి స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. కృతజ్ఞతగా కోడిపుంజును కూడా అర్పించింది. డాక్టరు పేరు మాత్రం నోట రాలేదు.

ఆ డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇది వంశంలో ఉన్న దవడ, పిల్ల ఎదిగినంతకాలం అదీ ఎదుగుతుంది, కట్టు మానొద్దు, అప్పుడప్పుడూ తెచ్చి చూపించండి అని. కానీ నరసరావుపేట ఎండలకు అందరూ వీధిలోనే మంచాలు వేసుకుంటారు. స్వస్థత పొందిన పిల్ల గడ్డానికి తోలు గిన్నె కనపడితే సాక్ష్యం గతేం కావాలి? కట్టు గాదె వెనక్కి పోయింది. ఇప్పుడు కృపకు పదహారు. దవడ తన దారిన తాను పెరిగింది.

"ఆదివారం కోతపండుగకు నువ్వు పాడేది లేదు. గొంతు పట్టేసిందని పాస్టరయ్యగారికి చెప్తా" అంది రాహేలు.

కృప కాయ కింద పెట్టేసింది. గుడిలో ఒంటరిగా పాడే ఆ పాట కోసం వానలప్పటి నుంచీ సాధన చేస్తోంది.

"నా గొంతుకేమైందమ్మా?"

"గొంతుకేం కాలా. ముందుకెళ్లి నోరు తెరిస్తే జనం ఏం చూస్తారే?"

"దాన్ని చూడరు, నిన్ను చూస్తారు. అదీ నీ బాధ" అంది జ్ఞానమ్మ.

"మీరు ఊరుకోండి అత్తయ్యా. ఆ మూతి మీదే కదా."

"నాదే. డాక్టరు చెప్పేటప్పుడు నేనూ పక్కనే ఉన్నా. కట్టినా కొందరికి తిరిగొస్తదన్నాడు. కడితే ఏమయ్యేదో నాకు తెలవదు. నువ్వు కట్టనియ్యలా, అది తెలుసు. ఈ మూతితోనే చానా ఏళ్లు తిన్నా, పాడా, నీ మొగుణ్ణి జోకొట్టా. నన్ను అసయ్యించుకుంటే నాకేం పోలా. ఆ పిల్లకెందుకు నేర్పుతన్నావు?"

కృప తల్లి వైపు తిరిగింది. "దేవుడు బాగుచేశాడన్నావు గదమ్మా. మరి ఆయనకి నా మీద కోపమొచ్చిందా? నేనేం తప్పు చేశా?"

రాహేలు చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఏడాదిగా కూతురు ఓణీ అడ్డం పెట్టుకునే నవ్వుతోందని ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుపడుతోందనుకుంది తప్ప భయపడుతోందని అనుకోలేదు. కళ్ళల్లో నీళ్లు తిరిగి చేటలో బియ్యం కనపడలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ రాహేలు లేచి నిలబడింది.

"అప్పుడు నేను చెప్పింది సగమే. నా బిడ్డకి డాక్టరు కట్టు ఇచ్చాడు. మీరు చూస్తారని దాన్ని దాచింది నేను. దవడ మళ్లీ ముందుకొచ్చింది. దేవుడికి నా బిడ్డ మీద ఏ కోపమూ లేదు."

ముందు వరసలో ఒకావిడ మూతి మూడు వంకలు తిప్పింది. రాహేలు వచ్చి చాప మీద అత్త పక్కన కూర్చుంది.

కృప ఓణీ అడ్డం పెట్టుకోకుండా నోరారా పాడింది. జ్ఞానమ్మ కూడా మెల్లగా గొంతు కలిపింది. రాహేలు ఒకసారి కూతుర్ని, ఒకసారి అత్తను చూసింది. ఇద్దరిదీ ఒకటే దవడ.

"అత్తయ్యా, రేపు మనం ముగ్గురం ఫోటో దిగుదాం" అంది ఏడుస్తూ.

"దిగుదాంలే. ముందు పాట విననియ్యి" అంది జ్ఞానమ్మ.