గొలుసుల గోదాము

అగ్రహారం దాటి కాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కన కప్పు కూలిన పాత గోదాము ఒకటుంది. పగలు మేకలు కూడా అందులోకి తొంగిచూడవు. చీకటి పడిందా... లోపల్నించి గొలుసు ఈడ్చిన చప్పుడు వస్తుందట. ఆగి, ఆగి, ఏదో కొలుస్తున్నట్టు.

అలాంటి చోటికి రాత్రి తొమ్మిదిన్నరకి రత్నకుమారి టీచరు ఒంటరిగా వెళ్లిందంటే, దెయ్యం కన్నా పెద్ద భయమేదో వెంటపడి ఉండాలి కదా? పడింది. ఆ భయం పేరు అమ్మిరాజు గారు.

ఆ వారం యానాంలో రైలు చరిత్ర అభిమానుల మహాసభలు. రైలే లేని ఊళ్లో రైలు సభలేమిటని నవ్వకండి, పిచ్చి ముదిరాక పట్టాలతో పనేముంది! కొన్ని పూటలు సెమినార్లు, కొన్ని పూటలు ఊరు చూపించే టూర్లు. వచ్చినవాళ్లలో సగంమంది పాత ఖాకీ కోట్లు తొడుక్కుని, చేతిలో సిగ్నల్ లాంతర్లతో భోజనాలకి కూడా అలాగే వచ్చేవారు. ఏర్పాట్లు చూసేవాళ్లలో మన టీచరూ ఒకరు.

మర్నాడు పదింటికి ఆవిడ పత్రం చదవాలి. యానానికి ఒకప్పుడు రైలు సర్వే జరిగిందనీ, గోదాము దగ్గర సర్వే రాయి పాతారనీ. తాతయ్య చెప్పగా విన్నదే తప్ప చేతిలో కాగితం ముక్క లేదు. అధ్యక్షులేమో అమ్మిరాజు గారు. ఆ సర్వే వట్టి కట్టుకథ అని పుస్తకంలో అచ్చేసిన మనిషి. ఎవరు నోరు విప్పినా "ఆధారం?" అంటారు. సొంత ఊళ్లో, తన దగ్గర చదువుకున్న పిల్లల ముందు పరువు పోతుందని, ఆ రాయినైనా ఫొటో తీసుకుందామని ఆవిడ రాత్రికి రాత్రే బయల్దేరింది.

పాపారావు ఆటో వంద గజాలు ఇవతలే ఆపేశాడు.

"ఇక్కణ్ణించి నడిచెళ్లిపోండి టీచర్ గారూ. నాకు పెళ్లాం పిల్లలున్నారండి."

"నాకు మాత్రం సంసారం లేదేంటి?"

"మీకు ప్రార్థనలొచ్చు కదండీ."

ఫోన్ లైటు వేసుకుని లోపలికి అడుగుపెట్టింది. తుమ్మ పొదలు... చెమ్మ వాసన... అప్పుడు వినిపించింది.

గల్... ఆగింది. మళ్లీ — గల్...

"ప్రభువా," అనుకుంది.

పొదల అవతల ఒక లాంతరు లేచింది. దాని వెనక ఖాకీ కోటు.

పోయిన ప్రాణం లేచొచ్చింది టీచరుకి. హమ్మయ్య, సభలకొచ్చినాయనే!

"రాయి కోసమాండీ?" అన్నాడాయన గుసగుసగా. "అటు కాదండి... ఇటు."

కాలితో మట్టి తోశాడు. కింద నల్లరాయి, దాని మీద సర్వే వాళ్లు చెక్కే బాణం గుర్తు.

"మూడోదండి ఇది. ముందరి రెండూ గోదారి పట్టుకుపోయింది."

గబగబా ఫొటోలు తీసుకుంటూనే, సెమినార్ల అలవాటు కొద్దీ ఆవిడ అడగనే అడిగింది. "దీనికి మీ ఆధారం?"

"కొలతల గొలుసు లాగింది నేనేనండి."

టీచరుకి నవ్వొచ్చింది. ఈ రైలు పిచ్చోళ్లంతా ఇంతే, ఇంజను మాటెత్తితే తామే బొగ్గు వేసినట్టు చెబుతారు.

"సరే, పేరు చెప్పండి. ఫుట్‌నోట్‌లో వేస్తాను."

లాంతరు దగ్గరకొచ్చింది.

"నా పేరు... రాత్తారాండీ? కాయితాల్లో దొరల పేర్లే రాశారండి. అమ్మన్న అని రాయండమ్మా... చైన్‌మన్ అమ్మన్న."

ఆ గొంతులో ఆశ వింటే ఎందుకో ఆవిడకి జాలేసింది. తప్పకుండా రాస్తానని మాటిచ్చింది. వెళ్లేముందు ఆయన ఇంకో మాటేదో అడిగితే, అదీ చెప్పి ఆటో వైపు నడిచింది.

పొద్దున్నే టూరు బస్సు గోదాము దగ్గర ఆగింది. టీచరు చూపించగా అందరూ రాయి చుట్టూ మూగి ఫొటోలు దిగారు. ఖాకీ కోట్లన్నిటిలోనూ వెతికింది కానీ, రాత్రి మనిషి కనపడలేదు.

పదింటికి పత్రం చదివి, చివర "రాయి చూపించినవారు, చైన్‌మన్ అమ్మన్న" అని గట్టిగా చెప్పింది. ఇక "ఆధారం?" అనే మాట కోసం హాలంతా అధ్యక్షుల వైపు చూసింది. ఆయన అడగలేదు. చెమట తుడుచుకున్నారు.

చప్పట్లయ్యాక ఆవిణ్ణి పక్కకి పిలిచారు.

"అమ్మన్న పోయి వందేళ్లు దాటిందమ్మా. సర్వే చేస్తూ, గొలుసు చేతిలో ఉండగానే పాము కరిచిందట. ముప్పై ఏళ్ల కిందట... నాకూ ఆయనే చూపించాడు రాయి. పేరు రాయమని బతిమాలాడు. దెయ్యం చెప్పిందంటే నవ్వుతారని... అసలు రాయే లేదని రాసేశాను."

అమ్మిరాజు గారు అటూ ఇటూ చూసి, గొంతు ఇంకా తగ్గించారు.

"నా గురించి... ఏమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదండి," అంది టీచరు. "మీరు ఏ గదిలో దిగారని అడిగాడంతే. స్నేహితులేమో అనుకుని... నంబరు చెప్పేశానండి."