ఉదాహరణ లేని ఆదివారం

సోమవారం పొద్దున ఒక చేత్తో కాఫీ కప్పు, ఒక చేత్తో పేపరు పట్టుకుని కూర్చున్న పాస్టరుగారు ఆఖరి పేజీ మూలన ఉన్న చిన్న ప్రకటన దగ్గర ఆగిపోయారు. సాయంత్రం ఏడున్నరకు వచ్చే సీరియల్ ఈ శుక్రవారంతో సమాప్తం అని అందులో ఉంది. ఆయన దాన్ని నాలుగుసార్లు చదివారు. కాఫీ చల్లారిపోయింది.

సీరియల్ అయిపోతే ఒక దైవసేవకుడికి వచ్చిన నష్టమేమిటని ఎవరైనా అడగొచ్చు. నష్టం ఉంది. అందులో చిన్న కోడలి వేషం వేసే నటి ఎవరో ఆయనకు తెలియదు, ఆ అమ్మాయి ముఖం కూడా సరిగ్గా చూసింది లేదు. కానీ ఆమె నోరు తెరిస్తే వినిపించే గొంతు మాత్రం ఆయన కూతురిది. కూతురు డబ్బింగ్ చెబుతుంది. రెండేళ్లుగా ఆ పిల్ల తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. అందుకని ఆయన రోజూ ఏడున్నరకల్లా టీవీ ముందు చేరి, కళ్లు మూసుకుని వినేవారు. చిన్న కోడలు అత్తతో వాదులాడినా, మొగుడి మీద అలిగినా ఆయనకు ఒకటే. "మామయ్యగారూ, మందులు వేసుకున్నారా?" అని అక్కడ ఆ అమ్మాయి అడిగితే, ఇక్కడ సోఫాలో ఈయన "వేసుకున్నానమ్మా" అనేవారు.

వీధి వైపు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరి ప్యాంటో కురచ చేస్తున్న పాస్టరమ్మగారికి ఆ మాట వినబడేది. ఆవిడ మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేవారు. కూతురు ప్రతి శనివారం తల్లికి ఫోను చేస్తుంది. ఆ పది నిమిషాలూ ఆయన గుమ్మం అవతల, చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడతారు. "నాన్న ఇక్కడే ఉన్నారే" అని ఆవిడ అనగానే "సరే అమ్మా, ఉంటాను" అని అటువైపు ఫోను పెట్టేస్తుంది.

ఇంతకీ ఈయన చేసిన ఘనకార్యం ఏమిటో చెప్పాలి.

ఆయన సంఘం పెద్దదేం కాదు. ఇనుప సామాన్ల కొట్టు పైన హాలు, అందులో డెబ్బై కుర్చీలు. అయినా ఏ ఆదివారమూ కుర్చీ ఖాళీగా ఉండదు, ఎందుకంటే ఈయనకు వెనకాల 'ఉదాహరణల పాస్టరుగారు' అని పేరు. పొయ్యి మీద పాలు పొంగితే కోపం మీద ప్రసంగం. ఫోనులో ఛార్జింగ్ అయిపోతే ప్రార్థన మీద ప్రసంగం. క్రికెట్లో థర్డ్ అంపైరు పైనుంచి చూసి ఔటని తేలిస్తే ఇక తీర్పుదినమే. సినిమా హీరో ఇంటర్వెల్ ముందు తన్నులు తిని ఆఖర్న లేచి నిలబడే సీను చెప్పి, అక్కణ్ణుంచి క్రీస్తు సమాధి రాయి దొర్లేదాకా తీసుకెళితే, నిద్రపోయేవాళ్లు కూడా లేచి స్తోత్రం అనేవారు. ఇదంతా గారడీ కాదు, మనస్ఫూర్తిగా నమ్మిన సంగతి. దేవుడు ఆదివారం ఒక్కరోజే మాట్లాడేవాడైతే మిగతా ఆరు రోజులూ మనం చెవిటివాళ్లమే కదా అనేవారు ఆయన.

అయితే ఆరు రోజులూ కళ్ల ముందు తిరిగేది ఇంట్లో వాళ్లే. ఐదేళ్లప్పుడు కూతురు గాజు గ్లాసు పగలగొట్టి పెంకులు బూటులో దాచింది, దాచిన పాపం మీద ప్రసంగం వచ్చింది. లెక్కల్లో తప్పి గ్రేస్ మార్కులతో గట్టెక్కింది, కృప మీద వచ్చింది. చిన్నప్పుడు తన పేరు వినబడితే ఆ పిల్ల మురిసిపోయేది. పదహారేళ్లు వచ్చాక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకునేది. దాని జ్వరాలు, దాని అబద్ధాలు, దాని అలకలు, సంఘంలో తెలియనివాళ్లు లేరు.

రెండేళ్ల కిందట ఒక మంగళవారం సాయంత్రం ఆ పిల్ల వంటింటి బల్ల దగ్గర తండ్రి ఎదురుగా కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. స్టూడియోలో సౌండు చూసే అతన్ని నాలుగేళ్లు ప్రేమించింది. అతను ఇంకెవరినో పెళ్లి చేసుకున్నాడు. ఇప్పటికీ ఫోనులోంచి అతని నంబరు తీసేయలేకపోతున్నానని, పిచ్చిదాన్నయిపోతున్నానని చెప్పింది. ఇది నీ దగ్గరే ఉండాలి నాన్నా అంది. ఉంటుందమ్మా అన్నారు ఆయన. ఆ తరవాతి ఆదివారం, మనుషులు వదిలి వెళ్లినా ఎదురుచూసే దేవుని ప్రేమ గురించి చెబుతూ చెబుతూ, "నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. డెబ్బై తలలూ మూడో వరస వైపు తిరిగాయి. కూతురు లేచి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ వారమే వేరే గది చూసుకుంది.

నోరు జారాను, అంతే. రెండేళ్లుగా ఆయన దేవుడితోనూ భార్యతోనూ చెప్పుకుంటూ వచ్చిన మాట అది.

బుధవారం సాయంత్రం, ఇంకా రెండే ఎపిసోడ్లు ఉన్నాయనగా, కళ్లు మూసుకుని వింటున్న పాస్టరుగారికి ఒళ్లు జలదరించింది. ముఖం కనబడదు, గొంతు వినబడుతుంది. ఎవరి నోట్లోంచి వచ్చినా, ఎవరితో మాట్లాడినా, ఇది నా బిడ్డే అని తండ్రి గుర్తుపడతాడు. తండ్రి వింటున్నాడని బిడ్డ ఎరగదు. మనం లోకంతో మాట్లాడుకుంటూ ఉంటే పరలోకంలో తండ్రి అలాగే కదా చెవి ఒగ్గి ఉంటాడు! ఆయన గబగబా నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. ముప్పై ఏళ్లలో ఇంత గొప్ప ఉదాహరణ దొరకలేదు. పైగా మనసులో ఓ మూల చిన్న ఆశ కూడా ఉంది. సంఘంలో ఎవరో ఒకరు ఈ మాట దాని చెవిన వేస్తారు. నాన్న రోజూ వింటున్నాడని దానికి తెలుస్తుంది. అప్పుడు వస్తుంది.

గురువారం మధ్యాహ్నం బల్ల తుడుస్తూ పాస్టరమ్మగారు ఆ పేజీ చూశారు. ఆవిడ గుడ్డ అక్కడే పడేసి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డారు.

"మళ్లీ దాన్ని వేదిక ఎక్కిస్తారా?"

"ఇది దాని గురించి కాదు, నా గురించి. పేరు కూడా చెప్పను."

"అప్పుడూ పేరు చెప్పలేదు మీరు."

అప్పుడు నోరు జారిందని, ఇప్పుడు ఆలోచించి చెబుతున్నానని, ఇది విని ఎంతమంది తండ్రుల కళ్లు తెరుచుకుంటాయో నీకేం తెలుసని ఆయన మొదలుపెట్టారు. ఆవిడ పూర్తిగా వినలేదు. లోపలి గదిలో ఏడాదికొకటి చొప్పున వరసగా పెట్టిన నోటుపుస్తకాల్లోంచి ఒకటి తీసుకొచ్చి, వెతక్కుండానే ఒక పేజీ తెరిచి ఆయన ఒళ్లో పెట్టారు.

పైన తారీఖు ఉంది. మంగళవారం. కింద ఆయన దస్తూరీనే: 'ఎదురుచూసే ప్రేమ. మూడు అంశాలు. ఉదా: ప్రేమించినవాడు వెళ్లిపోయినా నంబరు తీసేయలేని అమ్మాయి. ఇక్కడ కాసేపు ఆగాలి, కన్నీళ్లు వస్తాయి.'

పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు.

"ఆ రోజు అది ఏడుస్తుంటే మీ చేతిరుమాలు ఇచ్చి, ఇప్పుడే వస్తానమ్మా అని గదిలోకి వెళ్లారు, గుర్తుందా?" అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. "నాన్న నా కోసం ప్రార్థన చేయడానికి వెళ్లాడమ్మా అంది నాతో. మీరు మరిచిపోకుండా రాసుకోవడానికి వెళ్లారు."

"ఇది నువ్వెప్పుడు చూశావు?"

"అది ఇల్లు వదిలిన వారానికే. చెబితే మీరు ఇంక వేదిక ఎక్కలేరేమోనని రెండేళ్లు మింగాను. దేవుడు పిల్లనిచ్చింది పెంచుకోమని అండీ, ప్రసంగాల్లోకి కాదు."

ఆ సాయంత్రం ఏడున్నరకు ఆయన టీవీ పెట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఎవరి కష్టం విన్నా తన చెయ్యి పెన్ను కోసం తడుముకునేదని ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ప్రార్థన చేద్దామని కూర్చుంటే, పశ్చాత్తాపం మీద మాటలు చక్కగా వరస కట్టుకుని వచ్చాయి. అవి కూడా ప్రసంగంలాగే వినిపించేసరికి ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. తలుపు వేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

శుక్రవారం పొద్దున పాస్టరమ్మగారు ఒక చీటీ మీద స్టూడియో అడ్రసు రాసి ఇచ్చారు. ఆఖరి రికార్డింగ్ ఇవాళేనని చెప్పారు.

"వెళ్లి ఏం చెప్పాలి?" అన్నారు ఆయన.

"ఏమీ చెప్పకండి. మీకు రానిది అదొక్కటే."

ఆయన జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టి బయల్దేరారు.

కింద పళ్ల డాక్టరు, పైన రెండో అంతస్తులో స్టూడియో. సన్నటి వరండా, గోడవారగా ఒక బల్ల, మూసిన తలుపు మీద ఎర్ర బల్బు. పక్కన బోర్డు మీద 'దీపం వెలుగుతున్నంతసేపు మాట్లాడరాదు' అని రాసి ఉంది. పాస్టరుగారు బల్ల మీద కూర్చున్నారు. అలవాటు కొద్దీ మనసు మొదలెట్టేసింది, దీపం, మౌనం, మూసిన తలుపు, మొదటి అంశం... ఆయన దాన్ని అక్కడే తుంచేశారు. పది నిమిషాలకు మళ్లీ మొదలెట్టింది. మళ్లీ తుంచారు. నోరు కట్టుకోవడం కన్నా మనసు కట్టుకోవడం కష్టమని ఆ వయసులో తెలిసింది. మూసిన తలుపు సందులోంచి సన్నగా కూతురి గొంతు వినిపించేది. ఒకే మాట ఏడుసార్లు చెప్పింది. ప్రతిసారీ తనే "సారీ, ఇంకోసారి తీసుకుందాం" అంది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తను బయటికి వచ్చింది. మెడకు స్కార్ఫు, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. చిక్కిపోయింది. తండ్రిని చూసి అక్కడే నిలబడిపోయింది. ఆయన లేచి నోరు తెరవబోయారు. లోపల ఇంకెవరిదో రికార్డింగ్ మొదలైంది, బల్బు మళ్లీ ఎర్రగా వెలిగింది. కూతురు పెదవుల మీద వేలు పెట్టింది. కాసేపు తటపటాయించి వచ్చి, బల్లకు ఆ చివర కూర్చుంది.

ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నారు. మధ్యలో తను ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసుకుని తాగింది. ఆ తరవాత ఇంకాస్త పోసి, ఆయన వైపు చూడకుండానే మూత ఇటు జరిపింది. ఆయన తాగారు.

దీపం ఆరింది.

"ఎప్పుడొచ్చారు?" అంది. మునుపు ఎప్పుడూ తండ్రిని మీరు అని ఎరగదు.

"పదింటికి."

"మరి ఇక్కడేం దొరికింది ఈ ఆదివారానికి?"

"ఏం లేదమ్మా. నిన్ను చూద్దామని వచ్చాను." ఆయన కూతురి వైపు తిరిగారు. "ఆ రోజు నేను ప్రార్థన చేయడానికి వెళ్లలేదు. రాసుకోవడానికి వెళ్లాను. నోరు జారిందని చెప్పుకుంటూ వచ్చాను, అది అబద్ధమమ్మా."

కూతురు మూత తీసుకుని ఫ్లాస్కుకు బిగించింది.

"నాకు తెలుసు నాన్నా. తిరిగొచ్చినప్పుడు నీ వేలికి ఇంకు ఉంది. రాసుకుంటే రాసుకున్నావులే, నా సంగతి మాత్రం చెప్పవులే అనుకున్నాను. ఆదివారం నువ్వు 'ఒక అమ్మాయి' అనేదాకా అలాగే అనుకుంటూ కూర్చున్నాను. అతను పోయినందుకు కూడా అంత ఏడవలేదు నేను."

ఇక ఆపుకోలేకపోయింది. రెండు చేతుల్లో ముఖం దాచుకుని, ఆ రోజు వంటింట్లో ఏడ్చినట్టే ఏడ్చింది. పాస్టరుగారు చేతిరుమాలు తీసి ఇచ్చారు. ఆయన కళ్లవెంట కూడా నీళ్లు కారుతున్నాయి. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు, బైబిలు వాక్యం ఎత్తలేదు. ఈసారి ఆయన ఎక్కడికీ లేచి వెళ్లలేదు.

ఆదివారం ఆరాధనలో ఆయన వాక్యం చదివారు, దాని అర్థం తిన్నగా చెప్పారు, ఇరవై నిమిషాల్లో కూర్చున్నారు. జనం ఇంకా ఏదో వస్తుందని చూశారు, రాలేదు. బయటికి వెళుతూ ముందు వరసలో కూర్చునే రిటైరైన పోస్టుమాస్టరుగారు ఆయన చెయ్యి పట్టుకుని, ఈ వారం ఉదాహరణ లేదేమండీ, వంట్లో బాగుందా అని అడిగారు. దొరకలేదండీ అన్నారు పాస్టరుగారు. అబద్ధమే. ఆ ఒక్క అబద్ధాన్నీ దేవుడు మన్నిస్తాడని ఆయనకు గట్టి నమ్మకం.

కూతురు ఆరాధనకు రాలేదు. ఆ మెట్లు ఎక్కడానికి ఇంకా టైము పడుతుందని తల్లితో చెప్పింది. సాయంత్రం మాత్రం ఇంటికి వచ్చింది. తండ్రిని చూసి "ఏంటి నాన్నా, చొక్కా అంత వదులైంది, తినట్లేదా?" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏడున్నర అయింది. పాస్టరుగారు అలవాటుగా సోఫాలో చేరి, అలవాటుగానే కళ్లు మూసుకున్నారు. టీవీ పెట్టమంటారా అని పాస్టరమ్మగారు లోపల్నుంచి అడిగారు. వద్దులే అన్నారు ఆయన. వంటింట్లోంచి కూతురి గొంతు వినిపిస్తోంది, తల్లికి ఏదో రహస్యంగా చెబుతోంది, మధ్యలో నవ్వుతోంది. ఆ మాటలేమిటో ఆయనకు సరిగ్గా అందడం లేదు. ఆయన చెవి ఒగ్గలేదు. ఆ గొంతు ఇంట్లో ఉంది, అది చాలు.

"నాన్నా, మందులు వేసుకున్నావా?" అని లోపల్నుంచి కేక వినిపించింది.

"ఇంకా లేదమ్మా" అన్నారు పాస్టరుగారు. "నువ్వు తెచ్చియ్యి."