కార్డు లేని కెమెరా

ఆ ఉదయం అన్ని ఇళ్ళలో లాగే మొదలైంది. కుక్కర్ కూసింది, నాన్న కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికారు, అక్క తమ్ముణ్ణి సర్వనాశనం చెయ్యాలని నిర్ణయించుకుంది.

ఆ ఇంటి ముందుగది ఫొటో స్టూడియో. ఇద్దరికీ ఒకటే కెమెరా. దాన్ని తన చేతికి తగ్గట్టు మార్చుకోవడానికి అక్కకి ఒక వేసవి పట్టింది. ఫోకస్ పనిని వెనక బటన్‌కి మార్చి బొటనవేలికి అప్పగించింది, క్లిక్ చూపుడువేలికి. ఆ సెట్టింగుల్లో భూకంపం వచ్చినా, పెళ్ళికొడుకు గోడ దూకి పారిపోతున్నా ఫొటో చెక్కుచెదరదు. బుద్ధిమంతుడని పేరున్న తమ్ముడు మాత్రం కెమెరా ముట్టుకున్నప్పుడల్లా రీసెట్ కొట్టేవాడు. తయారుచేసిన వాళ్ళకంటే నీకు ఎక్కువ తెలుసా అని అతని వాదన.

మొన్న ఒక స్కూలు వాళ్ళు, నచ్చితే ఏడాది పని మొత్తం ఇస్తామని, నాటకం ఫొటోలు తియ్యడానికి అక్కని పిలిచారు. స్టేజి చీకట్లో ఆమె బొటనవేలు అలవాటుగా నొక్కింది. తమ్ముడు కొట్టిన రీసెట్ తర్వాత ఆ బటన్ ఫోకస్ వెతకదు, ఉన్నచోటే తాళం వేస్తుంది. పిల్లలందరూ పొగమంచులా వచ్చారు. వెనకున్న తెర మాత్రం దారం పోగుతో సహా అద్భుతంగా వచ్చింది. పని పోయింది. తీసేముందు చూసుకోవద్దా అన్నాడు బుద్ధిమంతుడు.

అందుకే ఆ ఉదయం అక్క కెమెరాలోంచి మెమరీ కార్డు తీసేసింది. వాడు మళ్ళీ కొట్టే పని లేకుండా రీసెట్ తనే కొట్టి, కార్డు లేకపోయినా క్లిక్ అయ్యేలా సెట్ చేసింది. తీసిన బొమ్మ కెమెరా తెరమీద కనబడకుండా ఆపేసింది. తమ్ముడు పొద్దున్న ఫర్నిచర్ షాపుకి వెళ్ళాలి. వెయ్యి కుర్చీల ఫొటోలు తీసి, వట్టి చేతుల్తో వచ్చి, కనీసం ఒక యుగం పాటు ఏడవాలని ఆమె కోరిక.

మధ్యాహ్నం తమ్ముడూ అమ్మా కలిసి వచ్చారు.

అమ్మ బస్సు డ్రైవర్, ఆరోజే ఆఖరి డ్యూటీ. సాయంత్రం జరగాల్సిన వీడ్కోలు సభని డిపోలో పొద్దున్నకి మార్చారట. అమ్మ ఫోన్ చేస్తే, తమ్ముడు కుర్చీలు వదిలేసి డిపోకి పరిగెత్తాడు. పెద్ద కెమెరా వచ్చిందిగా అని అందరూ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారట. సభ అవగానే అమ్మ యూనిఫాం కూడా అప్పగించేసింది.

ఫొటోలు చూపించమని అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. తమ్ముడు కార్డు కోసం మూత తెరిచాడు, లోపల ఖాళీ.

"నేనే తీసేశాను," అంది అక్క. "వీడి మీద కసితో. నీ సభ పొద్దున్నే అని తెలీదమ్మా."

"నేను రీసెట్ కొట్టకపోతే ఇదంతా లేదు," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ.

అమ్మ ఇద్దరి వైపూ తిరిగింది.

"మీ కోపాలు తీర్చుకోడానికి నా బస్సే దొరికిందిరా?"

అరిచి ఉంటే బాగుండేదనిపించింది అక్కకి. అమ్మ లేచి తల దువ్వుకుంది. సభ మళ్ళీ జరుగుతుందని ప్రకటించింది. జనం పాత్ర నాన్నకి ఇచ్చింది. ఆయన ఒక్కరే వందమందిలా చప్పట్లు కొట్టారు.

"మేనేజర్ ఏమన్నాడో నేను చెప్తా, నువ్వు అను," అంది అక్కతో. "నవ్వావంటే మళ్ళీ మొదట్నించి."

"ఈవిడ బస్సు చాలాసార్లు లేటయ్యేది," మొదలుపెట్టింది అక్క. "పరిగెత్తుకొచ్చే వాళ్ళని చూసి కూడా వదిలేసి వెళ్ళడం ఈవిడకి..."

చేతకాలేదు అన్న మాట బదులు అక్కకి ఏడుపొచ్చింది.

తమ్ముడు కార్డు పెట్టాడు. మెనూలో తడుముకుంటూ, దారి తప్పుతూ, ఫోకస్‌ని వెనక బటన్‌కి మార్చి కెమెరా ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు తియ్యక్కా. మిగతా మాటలు నేనంటా."

"ఏడుపాపి తియ్యవే," అంది అమ్మ. "ఎంతసేపు నవ్వను?"

అక్క బొటనవేలు నొక్కింది. అమ్మ మొహం కాస్త స్పష్టమైంది. కళ్ళు తుడుచుకున్నాక పూర్తిగా స్పష్టమైంది.