అక్కకు పెట్టని చీర

నేను ఇంతకుముందు ఎన్నడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి వరకే చదివిన. ఆ తర్వాత నా రాత అంటే సంతకం, అంతే. నలుగురిలో నోరు విప్పి చెప్పే అలవాటు నాకు లేదు. అందుకే ఈ సంగతి రాస్తున్న. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదువుకోండి.

మాది పెబ్బేరు. మా ఇంటాయన పేరు కురుమూర్తి. ఇంత ఎవుసం ఉంది, సంత రోజు ఎడ్ల బేరాలు కూడా కుదురుస్తడు. ఒక్కతే బిడ్డ, యమున, హైదరాబాదులో నౌకరి చేస్తది. నేను మా ఆయనకు రెండో పెండ్లాన్ని. మొదటామె జములమ్మ. పెండ్లయి రెండేండ్లు తిరగకముందే కామెర్లతో పోయిందంట. నేను ఆమెను చూడలేదు. గోడ మీద ఫోటోల చూసిన. ఇరవై దాటిన పిల్ల, పండ్లన్నీ కనబడేటట్టు నవ్వుతుంటది.

మా దిక్కు రెండో పెండ్లి చేసుకున్నామె మెడల తన పుస్తెతో పాటు, పోయినామె పేరు మీద ఇంకో చిన్న పుస్తె వేస్తరు. సవతి పుస్తె అంటరు. అది ఉత్త బంగారం కాదు, ఆమెనే అనుకోవాలె. కొత్త చీర ఏది తెచ్చినా ముందుగాల ఆమెకే. చీర మడత మీద ఆ పుస్తె పెట్టి, పసుపు కుంకుమ వేసి, “కట్టుకో అక్కా” అని చెప్పి, తలుపు దగ్గరికేసి జరసేపు బయట నిలబడాలె. ఆమె కట్టుకొని ఇడిసినంక మనం కట్టుకోవాలె.

పెండ్లి చీర నుంచి గట్లనే చేస్తూ వచ్చిన. అంటే నేను కట్టిన ప్రతి చీర ఆమె ఇడిసిన చీరనే.

మా అత్త బతికినన్ని రోజులు ఆమె ముచ్చటే. జములమ్మ ఉన్నప్పుడు ఇల్లు గలగలలాడేదంట. బతుకమ్మ ఆడితే ఆమె గొంతే ముందు లేసేదంట. జడల ఎప్పుడూ మరువం ఉండేదంట. నన్ను చూసి మాత్రం, “నువ్వేందే, పాలు తాగొచ్చిన పిల్లి లెక్క సప్పుడు లేకుండ తిరుగుతవ్” అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. సచ్చిపోయినామెకు ఏండ్లు రావు గదా. ఫోటోల ఆమె గట్లనే ఉంది. నాకు మోకాళ్ల నొప్పులొచ్చినయి.

ఈ యేడు నాకు యాభై నిండినయి. యమున పట్టుబట్టి పెద్ద ఏర్పాటు చేసింది. అమరచింత దాటినంక నీళ్ల ఒడ్డున ఒక బంగళా, శనివారం ఆదివారం రెండు రోజులు కిరాయికి తీసుకుంది. దానికొక థీమ్ అన్నది. నాకు తెల్వక మా వెనకింటి కుబ్రా బేగంను అడిగిన. ఆమె జాకెట్లు కుడుతది, మొదటి నుంచీ నా దోస్తు. “బడి పిల్లలకు యూనిఫాం లేదా, గట్లనే పెద్దోళ్లకు” అన్నది.

వచ్చే ఆడోళ్లందరు వెన్నెల రంగు గద్వాల చీరలు కట్టాలె. మగోళ్లు తెల్ల బట్టలు. పూలు తెల్లవి, దీపాలు తెల్లవి. నేనొక్కదాన్నే ఎర్రచీర.

“ఎంత దూరం నుంచి చూసినా నువ్వే కనబడాలె అమ్మా,” అన్నది యమున.

ఆ మాట విన్నరోజు నాకు నిద్ర పట్టలేదు. నన్ను ముందుగాల చూడాలని ఎవరూ అనుకోలేదు అప్పటిదాక. చీర వచ్చింది. పండు మిరపకాయ ఎరుపు, జానెడు జరీ అంచు. చెయ్యి పెడితే జారిపోతుంది. అలవాటు కొద్దీ పసుపు కుంకుమ భరిణె తీసిన. తీసి, మళ్ల లోపల పెట్టిన.

ఈ ఒక్క చీర నాది. ఆమె ఇడిసింది కాదు. గట్ల అనుకున్న.

శనివారం పొద్దుగూకే యాళ్లకు బంగళా చూస్తే కండ్లు చాలలేదు. గడ్డి మీద తెల్లగుడ్డ పరిచిన బల్లలు. ఇత్తడి గంగాళాలల్ల నీళ్లు పోసి దీపాలు తేలేసిన్రు. అవతల జూరాల డ్యాం నీళ్లు నల్లగ, కదలకుండ ఉన్నయి. తెల్లపూలకు వాసనే లేదు. కుబ్రా ఒక పువ్వు ముక్కు కాడ పెట్టుకొని, “ఇంత పైసలు పోసి వాసన లేని పూలా” అని నవ్వింది. వదినెలు, మరదండ్లు, యమున దోస్తులు, అందరు వెన్నెల రంగు చీరలల్ల తిరుగుతున్నరు. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలుస్తలేదు.

యమున నన్ను పైగదిలకు తోలుకపోయి చీర కట్టించింది. కొత్త హారం పెట్టింది. పెట్టి, “ఈ చిన్న పుస్తె హారానికి అడ్డం వస్తుందమ్మా, ఫోటోలల్ల బాగుండదు” అన్నది. ఆమెకేం తెలుసు, ఈ కాలం పిల్ల. తీయమని అనలేదు. నేనే దారం ముడి ఇప్పి తీసిన. పెండ్లి రోజు నుంచి నా మెడలో ఉన్నది అది. తీస్తుంటే మెడ మీద సల్లగాలి తాకినట్టయింది. రుమాలల్ల చుట్టి పిడికిట్ల పట్టుకున్న. యమున నా ఫోన్ తీసుకొని, “కింద అందరిని నిలబెడత, పాట మొదలు కాంగనే మెట్లు దిగి రా” అని చెప్పి పోయింది.

గదిల నేనొక్కదాన్నే. అద్దంల చూసుకున్న. ఎర్రచీర నాకు బాగుంది. కాని భుజాలు ముడుచుకొని నిలబడ్డ, ఎప్పటి లెక్కనే. జర ఊపిరి పీల్చుకొని పోదాం అనుకున్న.

అప్పుడు వాసన వచ్చింది.

మరువం.

తడి మరువం, అప్పుడే తెంపి తలల పెట్టుకున్నట్టు. ఆ బంగళాల మరువం యాడ లేదు. స్నానాల గది దిక్కు చూసిన. తలుపు దగ్గరికేసి ఉంది. లోపల గాజులు కదిలినయి… గాజు గాజుకు తాకి, ఆగి, మళ్ల తాకి. కుచ్చిళ్లు పోసుకునేటప్పుడు అయ్యే సప్పుడది. ఆడమనిషికి ఆ సప్పుడు తెల్వదా.

“యమునా…” అన్న.

గాజులు ఆగినయి.

నేను మెట్ల దిక్కున్న గది తలుపు కాడికి నడిచిన. నా చెయ్యి తలుపు మీద పడకముందే బయట గొళ్లెం పడ్డది. మెల్లగ. పసిపిల్ల పండుకున్న గదికి వేసినట్టు.

తలుపు గుంజిన. రాలేదు. కొట్టిన. కింద పాట మొదలైంది, పెద్ద పెద్ద సౌండు డబ్బాలల్ల నుంచి. అరవాలె. నాకు అరిచే అలవాటు లేదు. “ఎవరన్నా ఉన్నరా… తలుపు తియ్యున్రి…” నా గొంతు నాకే సరిగ ఇనబడలేదు.

కిటికీ కాడికి పోయిన. చువ్వల నుంచి కింద అంతా కనబడుతుంది. వెన్నెల రంగు చీరలన్నీ మెట్ల దిక్కు తిరిగినయి. అందరు చప్పట్లు కొడుతున్నరు.

నేను ఈడ ఉన్న. మరి ఎవరికి కొడుతున్నరు?

కిటికీ కింది నుంచి ఎర్రచీర గడ్డి మీదికి నడిచింది.

వీపు మాత్రమే కనబడుతుంది. నా చీర. నా అంచు. నేను కట్టుకొనే ఉన్న, చేత్తో తడుముకున్న… ఉంది. అయినా అది కింద నడుస్తుంది. నా లెక్క తల వంచుకొని కాదు. భుజాలు ఇడిసి, ఇంటి ఆడబిడ్డ లెక్క. నడుమ నిలబడి, డబ్బాల పాటను మించి తన పాట ఎత్తుకుంది. బతుకమ్మ పాట. గొంతు గలగలలాడింది. ఆడోళ్లు చుట్టూ చేరి చప్పట్లతో తిరిగిన్రు. యమున నవ్వుకుంట కండ్లు తుడుచుకుంటుంది. నేను పాడంగ ఆ పిల్ల ఎన్నడూ ఇనలేదు గదా.

మా ఆయన కేకు ముక్క తీసి ఎర్రచీర నోట్ల పెట్టిండు. ఆమె సగం కొరికి, మిగిలింది ఆయన నోట్ల పెట్టింది. ఆయన మొకం చూసిన, అంతా నవ్వే. నిజం చెబుతున్న, నాకు ముందుగాల వచ్చింది భయం కాదు. కుళ్లు. అంత కాపురంల ఒక్కసారి కూడా ఆయన నన్ను గట్ల చూడలేదు.

అది నా కేకు. అది నా రోజు.

చువ్వలు పట్టుకొని గట్టిగ ఊపిన. అప్పుడు ఆమె తల ఎత్తింది. మెల్లగ… నేను యాడ ఉన్ననో ముందే తెలిసినట్టు. ఫోటోల ఉన్న పిల్ల మొకం అనుకున్న.

కాదు. నా మొకమే.

నా మొకమే, పండ్లన్నీ కనబడేటట్టు నవ్వుతుంది. నా మొకం అంత బాగుంటదని నాకు అప్పటిదాక తెల్వదు.

కరెంటు పోయింది. పాట ఆగింది. గంగాళాలల్ల దీపాలు కూడా ఒక్కపారి గాలికి వంగినయి. చీకట్ల నా వెనక గొళ్లెం తీసిన సప్పుడయింది. తిరిగి చూడలేదు. గోడ పట్టుకొని మెట్లు దిగిన. ఎవరో చెయ్యి పట్టి గుంజిన్రు, ఎవరో వీపు తట్టిన్రు. కరెంటు వచ్చేసరికి నేను ఆయన పక్కల నిలబడి ఉన్న, నా చెయ్యి ఆయన చేతిల ఉంది.

ఎవరికీ ఏం తెలుస్తలేదు. మరదలు ఒకామె, ఇన్నేండ్లు ఈ గొంతు ఏ మూటల దాచిపెట్టినవ్ వదినా అని ఎగతాళి చేసింది. అందరు నవ్విన్రు. ఆయన ఒక్కడే నవ్వలేదు. నా మొకం దిక్కు చూసిండు. చూసి, చెయ్యి ఇడిసిపెట్టిండు. పాత సరుకును చూసినట్టు చూసిండు.

అన్నం దగ్గర కుబ్రా నా పక్కన కూసుంది. ప్లేటు దిక్కే చూసుకుంట గుసగుసగ అడిగింది.

“ఇందాక పాడింది నువ్వు కాదు గదా?”

“ఎందుకు గట్ల అడుగుతున్నవ్?”

“కేకు పెడదామని గదమ పట్టుకున్న. సల్లగ ఉండె, శాంతమ్మా. బాయి రాయి లెక్క.”

చెప్పొచ్చు. ఆమెకన్నా చెప్పొచ్చు. కాని అటు దిక్కు నుంచి ఇంకా నా పాట గురించే మాట్లాడుతున్నరు. ఆ మెప్పు ఇంకొకామెకు ఇయ్యడానికి నాకు మనసు రాలేదు.

“నేనే పాడిన,” అన్న.

కుబ్రా నోట్లనే ఏదో దువా చదువుకొని, జర దూరం జరిగి కూసుంది. ఎక్కడో మరువం వాసన వచ్చింది… మళ్ల పోయింది.

రాత్రి యమున పక్కల పండుకున్న. తెల్లారి లేచి రుమాలు ఇప్పితే సవతి పుస్తెకు కేకు వెన్న అంటుకొని ఉంది. ఆ రుమాలు నా పిడికిట్ల నుంచి కొంగు ముడిలకు తప్ప ఎటూ పోలేదు. నేను కేకు ముట్టనే లేదు.

అందరు కింద చాయ్ తాగుతున్నరు. నేను పాత పచ్చచీర కట్టుకొని పైగదిలకు ఒక్కదాన్నే పోయిన. తప్పు దిద్దుకుందామనే పోయిన, దేవుని సాక్షిగ. ఎర్రచీర మడత పెట్టి, పుస్తె కడిగి దాని మీద పెట్టిన. పసుపు కుంకుమ వేసిన. “కట్టుకో అక్కా” అన్న. బయటికి వచ్చి తలుపు దగ్గరికేసి నిలబడ్డ, రివాజు ప్రకారం.

జరసేపటికి లోపల చీర సరసరమన్నది. గాజులు కదిలినయి… ఆగి, మళ్ల కదిలినయి.

కింద నుంచి ఆయన నవ్వు ఇనబడ్డది. రాత్రి ముచ్చట చెప్పుకుంట నవ్వుతుండు. ఆమె ముచ్చట.

నా చెయ్యి నేను చెప్పకుండనే లేసింది. గొళ్లెం పెట్టిన. మెల్లగ.

గాజులు ఆగినయి. తలుపు మీద కొట్టిన సప్పుడు, మెత్తగ. ఆ తర్వాత గొంతు. అరిచే అలవాటు లేని గొంతు.

“ఎవరన్నా ఉన్నరా… తలుపు తియ్యున్రి…”

అది నా గొంతు.

నేను తియ్యలేదు. మెట్లు దిగిన. భుజాలు ముడుచుకోలేదు, గోడ పట్టుకోలేదు, మోకాళ్లు నొయ్యలేదు. చాయ్ గ్లాసులు పట్టుకున్నోళ్లందరు నా దిక్కు తిరిగిన్రు. ఆయన లేచి నిలబడ్డడు. రాత్రి కేకు కాడ నవ్విన నవ్వే నవ్విండు.

“మళ్ల ఎర్రచీరనే కట్టినవా,” అన్నడు. “నీకు అదే బాగుంటది.”

నేను కట్టుకున్నది పచ్చచీర. నాకు తెలుసు. అయినా కిందికి చూసుకోలేదు. ఆయన పక్కన కూసొని చాయ్ తాగిన.