కడపకి గంటా ఐదు నిమిషాలు

"కడపకి ఫ్లైట్‌లో ఎంతసేపండీ?"

మెహర్‌కి ఒళ్ళు మండింది. వారంలో ఇది నాలుగోసారి. పోనీ టికెట్ కొంటాడా అంటే, కొనడు!

గుంటూరు బ్రాడీపేటలోని ఆ ట్రావెల్స్ ఆఫీసులో కౌంటర్ ఆమెది. అడిగినవాడు ఖలీల్, పత్తి విత్తనాల కంపెనీలో పనిచేసే చీరాల కుర్రాడు. ఏడాదిగా ఏదో ఒక టికెట్ వంకతో వస్తూనే ఉన్నాడు. ఆ రాకలు ఆమెకి అలవాటైపోయాయి. అలవాటేమిటిలెండి, అతనంటే ఇష్టం. పైకి అనలేదంతే.

"గన్నవరం నుంచి గంటా ఐదు నిమిషాలు. నిన్నా అంతే, మొన్నా అంతే. కడపేమన్నా రోజుకింత జరుగుతోందా?"

"దూరమో?"

"గాల్లో మూడొందల కిలోమీటర్లు. ఇంతకీ అక్కడెవరున్నారు మీకు?"

"ఇప్పటికైతే ఎవరూ లేరు. ఇక ముందు ఉంటారేమోనని..."

ఇదేం జవాబు! కడప సంబంధమా?

"అంటే అక్కణ్ణుంచి గంటలో గుంటూరు వచ్చేయొచ్చు!" అన్నాడు సంబరంగా.

"ఎక్కడి గంట! ఎయిర్‌పోర్టుకి అరగంట, ముందుగా వెళ్ళి కూర్చోడానికో గంట, గన్నవరంలో దిగాక ఇంకో గంటన్నర. నాలుగ్గంటల పైమాటే. అదీ వారానికి నాలుగు రోజులే. మిగతా రోజులు ఏడు గంటలు బస్సులో కూర్చోవాల్సిందే."

ఖలీల్ మొహం వాడిపోయింది.

"ఎవరికండీ ఇంత తొందర?"

"నాకు కడప ట్రాన్స్‌ఫరయింది. ఇక్కడొక అమ్మాయుంది. పొద్దున కబురు పెడితే మధ్యాహ్నం అన్నం వేళకి కూతురు ఇంట్లో ఉండాలని వాళ్ళమ్మగారి షరతట. సంబంధాలు చూసే బుడాన్ మామ చెప్పాడు."

మెహర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ షరతు చెప్పి మూడు సంబంధాలు తిప్పి పంపిన మనిషి గుంటూరు మొత్తానికి ఒక్కతే. తన తల్లి జోహరాబీ. దూరం నుంచి వచ్చేసరికి ఆలస్యమై, కన్నతల్లి ఆఖరిచూపుకి నోచుకోని మనిషి ఆవిడ.

"ఆ అమ్మాయిని అడిగారా?"

"ముందు టైము తేలాక..."

"ఓరి దేవుడా! ఎవరైనా ముందు పిల్లనడుగుతారు గానీ టైమ్‌టేబుల్‌ని అడుగుతారా?"

"అయితే అడుగుతున్నా. మీకిష్టమేనా?"

"ఇష్టం కాబట్టే వారం నుంచీ మీమీద మండిపడుతున్నా!" అంది మెహర్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు.

ఆదివారం పొద్దున ఖలీల్ టైములు రాసిన కాగితంతో జోహరాబీ ముందు కూర్చున్నాడు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"విమానం లేని మూడు రోజుల సంగతేంటి అబ్బాయ్?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "బస్సేనండి. వచ్చేసరికి సాయంత్రమవుతుంది."

జోహరాబీ కూతురి వంక చూసింది. మెహర్ తల దించుకుని కొంగు చివర నలుపుతోంది.

"సర్లే," అంది ఆవిడ లేస్తూ. "ఆ మూడు రోజులూ మధ్యాహ్నం వంట సాయంత్రం చేస్తాను."